రక్తపరీక్షాశాల - రోగిక్షేమము

రక్తపరీక్షల కాగితములు లేని యిల్లు నేడు అరుదు. బీరువా పై అరలోనో, దేవుని పటముల వెనుకనో ఆ కాగితముల కట్ట ఒకటి భద్రముగా నుండును. ఇటీవల అవి కాగితములుగా గాక చేతిలోని ఫోనులోనికే వచ్చి చేరుచున్నవి. వైద్యుని యెదుట మనము నోరు విప్పకముందే ఆ రిపోర్టు మాటలాడును. దానిని చూచియే వైద్యుడు మందు పెంచును, తగ్గించును, శస్త్రచికిత్సకు పూనుకొనును, లేదా మానును. ఆ రిపోర్టులోని అంకె మనదేనా, అది సరియైనదేనా అని మాత్రము మనము సాధారణముగా అడుగము. బంగారము తూచువానిని అడుగుదుము, పాలు పోయువానిని అడుగుదుము. రక్తము తీసికొన్నవానిని అడుగము. అడుగకపోవుటకు కారణము అవిశ్వాసము లేకపోవుటయే. ఆ విశ్వాసమునకు పరీక్షాశాల ఎంతవరకు అర్హమైనది, ఆ అర్హతను కొలుచుట ఎట్లు అనునదియే నేటి మా ప్రసంగ విషయము.

ఈ విషయము మాకు పుస్తకములనుండి గాక, ఒక ఆసుపత్రి వసారానుండి పరిచయమైనది. కొన్ని వేసవుల క్రిందట మా మేనమామగారు జ్వరముతో, నీరసముతో ఒక ఆసుపత్రిలో చేరిరి. ఉదయము రక్తము తీసిరి. మధ్యాహ్నమునకు వార్డులోనికి ఫోను వచ్చినది. రక్తములో పొటాషియము 7.2 ఉన్నదట. సాధారణముగా అది 3.5కును 5కును నడుమ నుండవలెను. 7 దాటినదనగా గుండె ఏ క్షణమున లయ తప్పునో చెప్పజాలము. వైద్యులు పరుగున వచ్చిరి. పొటాషియమును దింపుటకు ఇన్సులినుతో కూడిన సెలైను సిద్ధము చేయుడని చెప్పిరి. మా అత్తగారు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని గోడ నానుకొని నిలిచిరి.

అంతలో పరీక్షాశాలనుండి ఒక యువతి మెట్లెక్కి వచ్చెను. ఆమె అక్కడి టెక్నీషియను. చేతిలో ఒక గాజుగొట్టము పట్టుకొని, వైద్యునివైపు చూడక నర్సువైపు చూచుచు, "ఈ రక్తం మళ్ళీ తీయాలండీ. ఇది కణాలు పగిలిన రక్తం" అని మెల్లగా చెప్పెను. గొట్టములో పైకి తేరిన ద్రవము లేతపసుపుగా నుండవలసినది, కుంకుమ కలిపిన నీటివలె ఎఱ్ఱగా నుండెను. సన్నని సూదితో రక్తము లాగి, ఆ సూదితోనే బలముగా గొట్టములోనికి చిమ్మినచో ఎఱ్ఱకణములు పగులును. కణములలోపలి పొటాషియము బయటి ద్రవములో నున్నదానికంటె ఇరువది రెట్లకు మించి యుండును. అది బయటికి వచ్చి కలిసినచో, రోగి శరీరములో లేని పొటాషియము యంత్రమునకు కనబడును. యంత్రము అబద్ధమాడలేదు, దానికి ఇచ్చిన రక్తమే నిజము కాదు.

రక్తము మరల తీసిరి. ఈమారు పొటాషియము 4.3 వచ్చినది. ఇన్సులిను సెలైను నిలిపివేసిరి. అవసరము లేని మనిషికి అది ఎక్కియుండినచో పొటాషియము పడిపోయి, ఏ గుండెను కాపాడుటకు మందు ఇచ్చిరో ఆ గుండెకే ముప్పు వచ్చియుండెడిది.

సాయంకాలము మేము ఆ యువతికి కృతజ్ఞత చెప్పుటకు క్రిందికి పోయితిమి. "పైకి వచ్చి చెప్పడానికి అంత జంకావెందుకమ్మా?" అని అడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "కిందటి నెల నా వల్ల జరిగిన ఒక పొరపాటు నేనే చెప్పానండీ. అందరి ముందూ నిలబెట్టి కడిగేశారు. అప్పటినుంచి చెప్పాలంటే కాళ్ళు రావడం లేదు" అనెను. ఆనాడు ఆమె కాళ్ళు వచ్చినవి గనుక మా మేనమామగారు మరి కొన్ని సంక్రాంతులు చూచిరి. రాకపోయినచో? ఒక రోగి క్షేమము ఒక చిన్న ఉద్యోగిని ధైర్యముపై ఆధారపడి యుండుట ఎంతవరకు సమంజసము? ఈ ప్రశ్న అప్పటినుండి మమ్ము విడువలేదు.

రక్తపరీక్ష యనగా యంత్రములో జరుగు పని యని మనము అనుకొందుము. అది సగము సత్యము కూడ కాదు. అమెరికా దేశపు వైద్యుడు జార్జి లుండ్‌బర్గు 1981లో దీనిని ఒక వలయముగా వర్ణించెను. వైద్యుని మెదడులో పుట్టిన ప్రశ్న తిరిగి వైద్యుని మెదడునకే సమాధానముగా చేరవలెను. నడుమ తొమ్మిది మెట్లున్నవి: పరీక్ష కోరుట, రక్తము తీయుట, అది ఎవరిదో గుర్తించుట, పరీక్షాశాలకు చేర్చుట, ద్రవమును వేరుచేయుట, పరీక్షించుట, ఫలితము తెలుపుట, దాని అర్థము గ్రహించుట, తగిన చర్య తీసికొనుట. ఈ తొమ్మిదింటిలో యంత్రమునకు ముఖ్యముగా చెందినది ఒక్కటియే. తక్కినవన్నియు మనుష్యుల చేతులమీదుగా, నోటిమాటలమీదుగా, కాగితములమీదుగా జరుగును.

ఆ ఒక్క మెట్టును చక్కజేయుటకు విజ్ఞానులు చాల శ్రమపడిరి. 1947లో బెల్కు, సండర్మను అను ఇరువురు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రి ప్రయోగశాలలకు ఒకే విధమైన ద్రావణములను పంపి, మీకు వచ్చిన ఫలితము తెలుపుడని కోరిరి. వస్తువు ఒక్కటియే, వచ్చిన అంకెలు మాత్రము నానావిధములు. సరిహద్దులు మీరిన జవాబులు చూచి వైద్యలోకము ఉలికిపడినది. 1950లో లెవీ, జెన్నింగ్సు అనువారు పరీక్షలో వచ్చిన అంకెను ఒక పటముపై చుక్కగా గుర్తించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. చుక్క గీత దాటినచో ఆనాటి ఫలితములను బయటికి పంపకుండ కారణము వెదకవలెను. ఈ పటమునకు మూలపురుషుడు వైద్యుడు కాడు. 1924లో టెలిఫోను పరికరములు తయారుచేయు సంస్థలో పనిచేయుచుండిన వాల్టరు షూహార్టు. కర్మాగారపు బుద్ధి ఇట్లు ఆసుపత్రికి మేలు చేసినది. మన దేశములోను వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు దేశము నలుమూలల ప్రయోగశాలలకు ద్రావణములు పంపి ఫలితములు సరిపోల్చు పథకమును చిరకాలముగా నడుపుచున్నారు.

ఇట్లు యంత్రము దారికి వచ్చినది. మరి తక్కిన ఎనిమిది మెట్ల సంగతి యేమి? దీనికి సమాధానము ఇటలీలోని పాడువా నగరమునుండి వచ్చినది. పాడువా వైద్యవిద్యకు పాత పుట్టిల్లు. గెలీలియో 1592 మొదలు 1610 వరకు బోధించినది అక్కడనే. రోగమునకు స్థానము శరీరములో ఎక్కడనో వెదకవలెనని 1761లో గ్రంథము వ్రాసిన మోర్గాగ్ని ఆచార్యత్వము వహించినది అక్కడనే. ఆ నగరపు ఆసుపత్రిలో ప్లెబాని, కరారో అను ఇరువురు, దోషమునకు స్థానము పరీక్షాశాలలో ఎక్కడనో వెదకిరి. మూడు నెలలపాటు నాలుగు విభాగముల వైద్యులను, నర్సులను ప్రతి ఫలితమును శ్రద్ధగా గమనింపుడని కోరిరి. అనుమానము కలిగిన ప్రతి ఫలితము పుట్టుపూర్వోత్తరములు విచారించిరి. 1997లో ప్రకటించిన లెక్క యిది: 40,490 పరీక్షలలో 189 దోషములు. వేయింటికి ఐదుకంటె తక్కువ. ఇంతేగదా యనిపించును.

కాని ఆ దోషములు ఎక్కడ జరిగినవో చూడవలెను. నూటికి 68.2 వంతులు పరీక్షకు పూర్వమే జరిగినవి. పరీక్ష జరుగుచుండగా జరిగినవి 13.3 వంతులు. పరీక్ష ముగిసిన పిమ్మట జరిగినవి 18.5 వంతులు. పెక్కు దోషములవలన రోగికి హాని కలుగలేదు. కాని 37 మందికి అనవసరపు పరీక్షలు జరిగినవి. 12 మందికి తగని చికిత్స జరిగినది, లేక చికిత్సను తగని విధముగా మార్చిరి. పది సంవత్సరముల పిమ్మట వారే అదే ఆసుపత్రిలో మరల లెక్క చూచి 2007లో ప్రకటించిరి. 51,746 పరీక్షలలో 160 దోషములు. మొత్తము తగ్గినది, కాని పరీక్షకు పూర్వపు దోషముల వాటా నూటికి 61.9 వంతులు. సంఖ్య తగ్గినను సింహభాగము చోటు మారలేదు.

పరీక్షకు పూర్వము ఏమి జరుగును? మొదటిది పేరు. మన తెలుగుదేశములో ఈ చిక్కు మరింత. ఒక వార్డులో ఇరువురు సత్యనారాయణలు, ముగ్గురు వెంకటేశ్వరరావులు, నలుగురు లక్ష్ములు ఉండుట వింత కాదు. ఇంటిపేరును ఒక్క అక్షరమునకు కుదించి వ్రాయుట మన అలవాటు. వయస్సు చెప్పుమన్న పెద్దలు "అరవై ఉంటాయి నాయనా" అందురు. చెవి మందమైన వృద్ధుని మంచమువద్దకు పోయి "మీరు సత్యనారాయణగారేనా?" అని అడిగినచో, ఆయన "ఆఁ" అనును. ఏ పేరుతో అడిగినను ఆయన "ఆఁ" అనియే యుండును. అందువలన పేరు మనము చెప్పి తల ఊపించుకొనరాదు, "మీ పేరేమిటండీ, ఇంటిపేరేమిటండీ, పుట్టిన తేదీ ఏది?" అని వారిచేతనే చెప్పింపవలెను. గొట్టముపై చీటీ రోగి ఎదుటనే, మంచమువద్దనే అంటింపవలెను. పది గొట్టములు జేబులో వేసికొని బల్లవద్దకు పోయి వరుసగా చీటీలు అంటించువాడు ఎంత సమర్థుడైనను ఒకనాడు ఒకరి రక్తమునకు మరియొకరి పేరు పెట్టక మానడు. చీటీకి బదులు బార్‌కోడు వచ్చినను, తప్పు గొట్టమునకు అంటిన బార్‌కోడును యంత్రము తప్పు లేకుండ చదువును. ఆ రక్తము రక్తదానపు జోడింపుకొరకై తీసినదైనచో ఫలితము ప్రాణాంతకము కావచ్చును. 1901లో లాండ్‌స్టైనరు మనకిచ్చిన రక్తవర్గముల జ్ఞానమంతయు ఒక చీటీ తారుమారగుటతో వ్యర్థమగును.

రెండవది గొట్టము. ఊదారంగు మూత గల గొట్టములో రక్తము గడ్డకట్టకుండ పొటాషియపు లవణము వేసియుందురు. అందులోని చుక్క మరియొక గొట్టములో పడినచో పొటాషియము ఎక్కువగాను, కాల్షియము తక్కువగాను కనబడును. కావున ఏ గొట్టము ముందు, ఏది వెనుక అను క్రమము కలదు. లేతనీలపు మూత గొట్టములో ఒక పాలు సిట్రేటునకు తొమ్మిది పాళ్ళు రక్తము ఉండవలెను. సగము నింపి పంపినచో గడ్డకట్టు కాలము తప్పుగా వచ్చును. మూడవది కాలము. ఫ్లోరైడు లేని గొట్టములో రక్తము నిలిచినచో కణములు చక్కెరను తినుచునే యుండును. గంటకు నూటికి 5 మొదలు 7 వంతుల చక్కెర తగ్గును. మన రోహిణికార్తె ఎండలో సైకిలు పెట్టెలో ఊరూరు తిరిగి వచ్చిన రక్తము ఎంత చక్కెర మిగుల్చుకొనునో ఊహింపవచ్చును. సెలైను ఎక్కుచున్న చేతినుండియే రక్తము తీసినచో, రోగి రక్తమునకు బదులు సెలైనునే పరీక్షించినట్లగును.

పరీక్ష పిమ్మట జరుగు దోషములు మరియొక తీరు. ఫలితము ప్రమాదకరమైనదని పరీక్షాశాలకు తెలియును; ఆ సంగతి రోగివద్ద నున్నవారికి తెలియదు. 1972లోనే లుండ్‌బర్గు, ఇట్టి ఫలితములు వచ్చిన వెంటనే వైద్యునికి తెలుపవలెనని నియమము ప్రతిపాదించెను. తెలుపుట యనగా ఫోను చేయుట మాత్రమే కాదు. విన్నవారు రోగి పేరును, అంకెను తిరిగి చదివి వినిపింపవలెను. "ఏడు పాయింటు రెండు" "రెండు పాయింటు ఏడు"గా మారుటకు వార్డులోని గోల చాలును. ఫోనులోనికి రిపోర్టు పంపితిమి గనుక మా పని తీరినదనుకొనుట నేటి కొత్త ప్రమాదము. పంపుట వేరు, చేరుట వేరు, చదువుట వేరు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఒక పరీక్షాశాలలో రోగి క్షేమముగా నున్నాడో లేదో కొలుచుట ఎట్లు? యంత్రముల ఖరీదు చూచి చెప్పజాలము. గోడపై వ్రేలాడు ధ్రువపత్రము కొంత చెప్పును. ప్రయోగశాలలకు అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఓ. 15189 మొదట 2003లో వెలువడినది. 2022 నాటి కూర్పు రోగికి గల ముప్పునకు ప్రాధాన్యమిచ్చినది. మన దేశములో ఎన్.ఏ.బి.ఎల్. అను సంస్థ ఆ ప్రమాణముతో ప్రయోగశాలలను పరిశీలించి గుర్తింపు ఇచ్చుచున్నది. అయినను ధ్రువపత్రము తనిఖీనాటి స్థితిని చెప్పును. నడిరేయి రెండు గంటలకు జరుగు పనిని చెప్పదు.

ఆ నడిరేయి పనిని నడుపునది అక్కడి మనుష్యుల అలవాటు, వారి పరస్పర విశ్వాసము. దీనినే రోగిక్షేమ సంస్కృతి యనుచున్నారు. ఈ భావము మొదట పుట్టినది ఆసుపత్రిలో కాదు. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రము ప్రమాదమునకు లోనైన పిమ్మట, అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారి నిపుణులు కారణములు విచారించుచు క్షేమసంస్కృతి యను మాటను వ్యాప్తిలోనికి తెచ్చిరి. పనిచేయువారి అలవాట్లు, వారి పైవారి ధోరణి చెడినచోట మంచి యంత్రములు కూడ కాపాడలేవని లోకము తెలిసికొనెను. 1999లో అమెరికాలోని వైద్యవిద్వత్సంస్థ, ఆ దేశపు ఆసుపత్రులలో పొరపాట్లవలన ఏటేట 44,000 మొదలు 98,000 మంది మరణించుచున్నారని అంచనా ప్రకటించినప్పుడు ఆ భావము వైద్యరంగమునకు ప్రాకినది. 2004లో ఆ దేశపు ప్రభుత్వసంస్థ యొకటి ఆసుపత్రి ఉద్యోగుల కొరకు 42 ప్రశ్నల పట్టికను సిద్ధము చేసినది. వ్రాయువాని పేరు అడుగరు. పొరపాటు గమనించినప్పుడు నిర్భయముగా చెప్పగలుగుచున్నారా, చెప్పినచో అది మీ మీదికే వచ్చునని భయపడుచున్నారా, ఒక వంతువారు మరియొక వంతువారికి పని అప్పగించునప్పుడు సమాచారము జారిపోవుచున్నదా, పనికి తగిన మనుష్యులున్నారా అని ఆ ప్రశ్నలు పన్నెండు అంశములను తడవును. అక్కడి ఆసుపత్రుల సమాధానములలో తక్కువ మార్కులు వచ్చుచుండిన అంశములలో ఒకటి, పొరపాటు చెప్పినవానిని శిక్షింపకుండుట. మా యువతి కాళ్ళు రాకపోవుట ఒక్క ఊరి కథ కాదని దీనివలన తేలుచున్నది.

అంచనా వేయువారు ఇక్కడ ఒక మాయలో పడరాదు. ఒక పరీక్షాశాలలో ఏడాదికి ఒక్క పొరపాటు కూడ నమోదు కాలేదు. మరియొకదానిలో రెండువందలు నమోదైనవి. ఏది మంచిది? మొదటిదే మేలని తొందరపడి తీర్పు చెప్పుదుము. వేలకొలది పరీక్షలు జరుగుచోట ఒక్క పొరపాటును లేదనుట సంభవము కాదు. అచ్చట చెప్పుట లేదనియే అర్థము. కావున ప్రశ్నపట్టికతో పాటు మరి మూడు పనులు చేయవలెను. మొదటిది, తిప్పిపంపిన రక్తనమూనాలెన్ని, చీటీ లేనివెన్ని, కణములు పగిలినవెన్ని, ప్రమాద ఫలితము తెలుపుటకు ఎన్ని నిమిషములు పట్టినది అని నెలనెల లెక్క వ్రాయుట. రెండవది, ఒక గొట్టము వెంట మంచమునుండి రిపోర్టువరకు స్వయముగా నడచి చూచుట. మూడవది, క్రిందటి నెల చెప్పిన పొరపాటువలన ఈ నెల ఏ పద్ధతి మారినదో అడుగుట. ఏమియు మారనిచోట ఎవరును రెండవమారు చెప్పరు.

"శిక్ష లేనిచో అశ్రద్ధ పెరుగదా?" అని పెద్దలు కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రెండువందల గొట్టముల నడుమ అలసిన కన్ను ఒక అంకె తప్పుటకును, చీటీ చదువకుండుటయే అలవాటు చేసికొనుటకును, తెలిసి తెలిసి పరీక్ష చేయకయే అంకె వ్రాయుటకును భేదము కలదు. మొదటివానికి పని భారము తగ్గింపవలెను. రెండవవానికి హెచ్చరిక చేసి నేర్పవలెను. మూడవవానికి శిక్ష తప్పదు. మూడింటిని ఒకే కఱ్ఱతో కొట్టినచో మొదటివాడు నోరు మూసికొనును, మూడవవాడు దాగికొనును. ఉదయము ఆరు గంటలకు నూరుమంది వరుసలో నిలిచియుండగా ఒక్క మనిషిని సూదితో కూర్చుండబెట్టి, తప్పు జరిగిన పిమ్మట ఆ మనిషిని మాత్రమే దూషించుట న్యాయము కాదు.

రోగి పక్షమున మనము చేయవలసిన పనియు కొంత కలదు. పేరును ఇంటిపేరుతో సహా చెప్పుదము. చీటీ మన ఎదుట అంటింపుమని మర్యాదగా అడుగుదము. తిన్నదియు తిననిదియు, వాడు మందులను దాచక చెప్పుదము. ఫలితము శరీరస్థితితో పొసగనిచో, మరల పరీక్షింపవచ్చునా యని వైద్యుని అడుగుదము. దానిని అవమానముగా భావింపని వైద్యుడే మంచి వైద్యుడు. రిపోర్టు రానిచో, రాలేదు గనుక అంతయు బాగుగానే యున్నదని అనుకొనకుందము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 నుండి సెప్టెంబరు 17వ తేదీని రోగిక్షేమ దినముగా పాటించుచున్నది. ఏ పరీక్షాశాలయైనను ఆనాడు తోరణములు కట్టుటకు ముందు, పొరపాటు చెప్పిన ఒక ఉద్యోగిని పిలిచి నలుగురియెదుట మెచ్చుకొనినచో ఆ దినము సార్థకమగును.

మా మేనమామగారు ఆసుపత్రినుండి ఇంటికి వచ్చునాడు ఆ యువతి పేరడిగి తెలిసికొని, తన పరీక్షల కాగితముల కట్టపై పెన్సిలుతో వ్రాసికొనిరి. వైద్యుని పేరు వారికి తరువాత జ్ఞాపకము లేదు. పరీక్షాశాలను అంచనా వేయుటకు పోవువారు వేయి ప్రశ్నలు అడుగవచ్చును. మేము కోరునది, అన్నిటికంటె క్రిందిమెట్టున నున్న ఉద్యోగిని ఒంటరిగా కూర్చుండబెట్టి ఒక్క ప్రశ్న అడుగుమని: "అమ్మా, ఇక్కడ తప్పు కనబడినప్పుడు మెట్లెక్కి పోయి చెప్పగలవా?" ఆమె సమాధానముకంటె ముందు, సమాధానము చెప్పుటకు ఆమె తలుపువైపు చూచినదో లేదో గమనించిన చాలును.